రొయ్యల గుంట నీళ్ళకున్న మర్యాద మా శాంపిల్‌కి లేదా?

సంపాదకులు గారికి నమస్కారం.

నాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం, రొయ్యల గుంటలు చేస్తుంటాను. మా వైపు నుంచి ఉత్తరం వచ్చిందంటే రొయ్య రేటు పడిపోయిందనో కరెంటు ఛార్జీ పెరిగిందనో అనుకుంటారు, ఈసారి అవేం కాదు. మూత్రం, ఉమ్మి పరీక్షల గురించి రాస్తున్నా. "పేపర్లో రాసే సంగతేనా అది, నలుగురూ నవ్వుతారు" అంటోంది మా ఆవిడ. నవ్వితే నవ్వనీ, డబ్బులు పోయింది మావి.

పోయిన నెల నెల్లూరులో ఒక వెల్‌నెస్ క్లినిక్‌కి ముగ్గురం పోయాం, నేను, మా ఆవిడ, మా అత్తమ్మ. పేరు రాయను, ఒకరిని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. సూది లేదు, రక్తం తీయం, మూత్రమూ ఉమ్మీ ఇస్తే చాలు ఒంట్లో ఏముందో మొత్తం చెప్తామని కరపత్రం పంచారు. అత్తమ్మకి డెబ్భై దాటింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, సూదంటే మాత్రం చచ్చేంత భయం. ఇదేదో బాగుందే అని ఫోన్ చేశా. అవతల అమ్మాయి చెప్పింది ఒకటే ముక్క: "పొద్దున్నే వచ్చేయండి సార్, ముగ్గురైతే డిస్కౌంట్ ఉంది." ఏం తినాలి, ఏం తినకూడదు, మూత్రం ఇంటి దగ్గర పట్టి తేవాలా అక్కడే ఇవ్వాలా, ఏం మాత్రలు వాడుతున్నారు, ఇవేవీ అడగలేదు, చెప్పలేదు. నాకూ అడగాలని తోచలేదు, అదీ ఒప్పుకోవాలి.

ఇక మేం ముగ్గురం చేసిన ఘనకార్యాలు చూడండి. పొద్దున లేవగానే వచ్చే మూత్రమే మంచిదని ఎక్కడో విన్నదట మా ఆవిడ, అయిదింటికే పట్టి ఇంట్లో ఖాళీగా ఉన్న తేనె సీసాలో పోసి మూత బిగించింది. కడిగానంటుంది, ఎంత కడిగిందో దేవుడికెరుక. ఆ సీసా కారులో ముందు అద్దం కింద ఎండలో నెల్లూరు దాకా ప్రయాణం చేసి, క్లినిక్‌లో మా వంతు వచ్చేసరికి పదకొండు. నేనేమో ముందు రాత్రంతా గుంటలో రొయ్యలు పట్టే పట్టుబడి పనిలో నిలబడి, కంటిమీద కునుకు లేకుండా అట్నుంచి అటే బండెక్కాను. అత్తమ్మ దారి పొడుగునా ఆకువక్క నములుతూనే ఉంది. అక్కడికి పోయాక ఆవిడకి మూత్రం రావడం లేదంటే, కౌంటర్లో కుర్రాడు "తాగమ్మా, తాగితే వస్తుంది" అని లీటరున్నర నీళ్ళు తాగించాడు. వచ్చింది, నీళ్ళ లాగే వచ్చింది.

రిపోర్టులు అరగంటలో చేతిలో పెట్టారు. నాకు మూత్రంలో షుగర్ నాలుగు ప్లస్‌లు. మా ఆవిడకి కొంచెం షుగర్, బోలెడు బాక్టీరియా, ఆమ్లమా క్షారమా అని చెప్పే పీహెచ్ 8. అత్తమ్మ ఉమ్మి తగిలిన కాగితం రంగు ఎక్కడికో పోయింది, పీహెచ్ 8 దాటిందన్నారు. ఉమ్మికీ మూత్రానికీ 6.4 ఉండాలట, అదే ఆరోగ్యమట, అత్తమ్మ ఒంట్లో ఖనిజాలన్నీ తారుమారైపోయాయట, మూడు నెలలు పొడి వాడితే దారికొస్తాయట. పొడి ఖరీదు నాలుగున్నర వేలు. మా ఆవిడ పర్సు తీయబోయింది కూడా. అత్తమ్మే ఆపింది: "ఏం నాయనా, నోట్లో సున్నం పెట్టుకున్నదానికి పొడి ఎందుకు, ఊసేస్తే పోదా?"

అంత మాట అక్కడున్న ముగ్గురు తెల్లకోట్లలో ఒక్కరికీ తట్టలేదండీ. ఆకువక్కలో వేసేది సున్నం, సున్నం క్షారం, అది నోట్లో ఉండగా ఉమ్మికి పీహెచ్ కాగితం పెడితే అది చూపించేది సున్నాన్నే గానీ అత్తమ్మ ఆరోగ్యాన్ని కాదు.

నాకు కోపం ఎందుకొచ్చిందో చెప్పాలంటే గుంటల సంగతి చెప్పాలి. మేం నీళ్ళు టెస్టుకి తీసుకుపోయేటప్పుడు ఆక్వా ల్యాబులో ఎన్ని అడుగుతారో తెలుసా. ఏ గుంట, ఎన్నింటికి పట్టావు, గట్టు పక్కనా లోపలా, పై నీళ్ళా అడుగు నీళ్ళా, సీసాని అదే గుంట నీళ్ళతో తొలిచావా, ఐసులో పెట్టావా, సున్నం ఎప్పుడు చల్లావు. టైము రాయని సీసాని పక్కన పడేస్తారు. ఎందుకంటే గుంటలో పీహెచ్ పొద్దున ఒకలా ఉంటుంది, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది. ఎండకి నీళ్ళలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తుంది, పీహెచ్ పైకి పోతుంది, రాత్రికి మళ్ళీ దిగుతుంది. పొద్దున 7.8 చూసిన గుంటే మూడింటికి 8.3 చూపిస్తే ఎవడూ కంగారుపడడు. ఆక్సిజన్ అయితే తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది, అందుకే ఆ టైములో నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ ఆగితే మా గుండె ఆగినట్టే. ఇవన్నీ చదువురాని కూలోడికి కూడా తెలుసు మా దగ్గర. రొయ్య బతుకుతున్న నీళ్ళకి ఇంత లెక్క ఉంటే మనిషి ఒంట్లోంచి వచ్చిన నీళ్ళకి లెక్క లేదా?

ఇంటికొచ్చి మా అన్న కూతురికి ఫోన్ చేశా, ఒంగోలులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తుంది. రిపోర్టులు వాట్సాప్‌లో చూసి నవ్వి, "చిన్నాన్నా, నువ్వు షుగర్‌కి ఏం మాత్ర వేసుకుంటున్నావు?" అంది. డాపాగ్లిఫ్లోజిన్ అన్నా. "అయితే షుగర్ నాలుగు ప్లస్‌లు రాకపోతే ఆశ్చర్యపోవాలి" అంది. మామూలుగా కిడ్నీ మూత్రంలోకి పోయే షుగర్‌ని మళ్ళీ రక్తంలోకి లాగేసుకుంటుందట, ఈ మాత్ర ఆ లాగడాన్ని ఆపి షుగర్‌ని మూత్రంలోనే బయటికి పంపిస్తుంది, దాని పనే అది. ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా అంతే. రక్తంలో షుగర్ బాగానే ఉన్నా మూత్రంలో ప్లస్‌లు పడతాయి. ఈ మాత్రలు వేసుకునేవాళ్ళు మా మండలంలోనే ఎంతమందో ఉన్నారు, వాళ్ళందరినీ ఇలా హడలగొడితే బీపీ కూడా వస్తుంది. అలాగని పరీక్ష కోసం మాత్ర సొంతంగా మానేయకూడదు, ఏం వాడుతున్నామో ల్యాబులో చెప్పాలి, అంతే.

మా ఆవిడ సీసా గురించి ఆ పిల్ల చెప్పింది వింటే మా ఆవిడే నోరు మూసుకుంది. మూత్రం పట్టిన రెండు గంటల్లోపు పరీక్ష జరగాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఎండలకి వదిలేస్తే అందులో బాక్టీరియా పెరుగుతుంది, వాటికి వేడీ తిండీ బాగా దొరికితే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే రకాలున్నాయి, కొన్ని యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి, దాంతో పీహెచ్ పైకెక్కుతుంది. రక్తకణాలు ఏమైనా ఉంటే కరిగిపోతాయి. అంటే లేనిది ఉన్నట్టూ ఉన్నది లేనట్టూ రెండు రకాలుగా తప్పు చూపిస్తుంది. షుగర్ ఎక్కడిదంటారా, తేనెలో ఉండేదే గ్లూకోజు కదండీ. తేనె సీసా, పచ్చడి సీసా, కూల్‌డ్రింక్ సీసా, సిరప్ సీసా ఏదీ పనికిరాదు, ల్యాబ్ వాళ్ళిచ్చే మూత డబ్బాలోనే పట్టాలి, మూత లోపలి వైపు వేలు పెట్టకూడదు. ఆ డబ్బా ఖరీదు ఎంతుంటుంది చెప్పండి, ముందురోజు చేతికిస్తే క్లినిక్ ఆస్తులు కరిగిపోతాయా?

పట్టడానికీ ఒక పద్ధతి ఉందని నాకు యాభై నాలుగేళ్ళొచ్చాక తెలిసింది. మొదట వచ్చేది కొంచెం వదిలేయాలి, మధ్యలో వచ్చేది డబ్బాలో పట్టాలి, చివరిది మళ్ళీ వదిలేయాలి. మొదటి ధారలో బయటి చర్మం మీది మురికీ క్రిములూ కొట్టుకొస్తాయి. ఆడవాళ్ళు ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకుని పట్టాలి, నెలసరి రోజులైతే ల్యాబులో ఆ మాట చెప్పి వాయిదా వేసుకోవాలి, లేకపోతే మూత్రంలో రక్తం అని రాసేస్తారు, ఇంటిల్లిపాదీ టెన్షన్. ఈ మాట ఆడపిల్లలకి ఎవరు చెప్తారు, కౌంటర్లో ఉండేది ఎప్పుడూ కుర్రాళ్ళే. మూత్రంలో క్రిముల్ని పెంచి చూసే కల్చర్ పరీక్ష అయితే యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. మనవాళ్ళు మెడికల్ షాపులో అడిగి రెండు రోజులు మందు వాడి, తగ్గకపోతే అప్పుడు ల్యాబుకి పోతారు.

నీళ్ళు అతిగా తాగించడం గురించి కూడా అడిగా. పలచబడిపోయిన మూత్రంలో కొద్దిగా పోయే అల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్ష కాగితానికి దొరక్కపోవచ్చట. అత్తమ్మకి ప్రోటీన్ నిల్ అని రాశారు, ఆ నిల్‌ని ఇప్పుడు నమ్మాలా వద్దా? నా విషయం దీనికి తలకిందులు, రాత్రంతా ఒళ్ళు హూనమయ్యేలా పనిచేసినా, జ్వరమున్నా తాత్కాలికంగా మూత్రంలో ప్రోటీన్ కనపడొచ్చు, అందుకే అల్బుమిన్ పరీక్షకి ముందు రోజు బరువు పనులు వద్దంటారు. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా మింగేవాళ్ళకి కాగితం మీద షుగరూ రక్తమూ ఉన్నా సరిగ్గా పడవు. బి కాంప్లెక్స్ వేసుకుంటే పచ్చగా పసుపు నీళ్ళలా వస్తుంది, బీట్‌రూట్ తింటే కొందరికి ఎర్రగా వస్తుంది, అవి జబ్బులు కావు. టీబీ మందు రిఫాంపిసిన్ వాడేవాళ్ళకి నారింజ రంగులో వస్తుంది, దానికీ భయపడి మందు మానేసినవాళ్ళున్నారు, అది మరీ ప్రమాదం.

ఇరవై నాలుగు గంటల మూత్రం అని ఇంకోటుంది, దాంట్లో చదువుకున్నవాళ్ళే బోల్తా పడతారు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే ఆ ఆరింటి మూత్రం పారబోయాలి, ఆ తర్వాత పగలూ రాత్రీ వచ్చిన ప్రతి చుక్కా డబ్బాలో పోయాలి, మర్నాడు ఆరింటిది కూడా పోసి ఆపాలి. కిడ్నీలో రాళ్ళున్న మా స్నేహితుడు రెండు పొద్దులవీ పోసి ఇచ్చాడు, లెక్క పెరిగిపోయింది. ఇంకో ఆయన మధ్యలో పెళ్ళికి పోయి అక్కడ ఒకసారి వదిలేశాడు, లెక్క తగ్గిపోయింది. ఇద్దరి డబ్బులూ పెన్నలో పోసినట్టే.

ఉమ్మి దగ్గరికొద్దాం. స్ట్రెస్ హార్మోన్ చూస్తామని అక్కడ నా ఉమ్మి కూడా పట్టారు, ఆ హార్మోన్ పేరు కార్టిసాల్. పెద్ద ఆసుపత్రుల్లో ఉమ్మితో చేసే అసలు పరీక్షే అది, దొంగ పరీక్ష కాదు. కానీ కార్టిసాల్ పొద్దున లేచిన అరగంటకి బాగా పెరిగి అక్కణ్ణుంచి దిగుతూ అర్ధరాత్రికి అడుక్కి పోతుంది, అచ్చం మా గుంట పీహెచ్‌లా దానికీ ఒక రోజువారీ లెక్కుంది. అందుకే అది ఎక్కువగా తయారయ్యే జబ్బుని అనుమానిస్తే రాత్రి పదకొండు, పన్నెండు మధ్య ఉమ్మి పట్టిస్తారు, అదీ ఒక్కసారి చూసి తేల్చరు, కనీసం రెండు రాత్రులు. రాత్రంతా మేలుకున్నవాడి ఉమ్మి పగలు పదకొండింటికి ఒక్కసారి పట్టి "మీకు స్ట్రెస్ ఎక్కువ సార్" అని చెప్పడానికి ల్యాబెందుకు, నా మొహం చూసి మా గుంట కాపలాదారు చెప్పలేడా?

ఉమ్మి ఇచ్చే ముందు కనీసం అరగంట, కుదిరితే గంట ఏమీ తినకూడదు, తాగకూడదు, పళ్ళు తోముకోకూడదు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే ఆ పూట ఇవ్వకూడదు, రక్తం కలిస్తే లెక్కలు మారిపోతాయి. బీడీ, గుట్కా, ఆకువక్క, బబుల్‌గమ్ ఏవీ ఉండకూడదు. ముందుగా మంచినీళ్ళతో పుక్కిలించి, వెంటనే కాకుండా పది నిమిషాలు ఆగి, నోట్లో దానంతటదే ఊరిన ఉమ్మిని గొట్టంలోకి జారవిడవాలి, కాండ్రించి ఉమ్మకూడదు. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ చేతికి రాసుకుని అదే చేత్తో గొట్టం పట్టుకున్నా కార్టిసాల్ లెక్క పాడవుతుందట.

కాండ్రించడం అంటే గుర్తొచ్చింది. మా గుంట మీద పనిచేసే కుర్రాడికి రెండు వారాలు దాటి దగ్గు తగ్గకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపా. టీబీ పరీక్షకి ఉమ్మి పనికిరాదు, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే తెమడ కావాలి, కొందరు గళ్ల అంటారు. అక్కడి సిస్టర్ వాణ్ణి బయట చెట్టు కిందికి తీసుకుపోయి, గట్టిగా గాలి పీల్చి లోపల్నుంచి దగ్గి తీయమని తనే చేసి చూపించింది. వాడు మొదట వట్టి ఉమ్మి ఊసి ఇస్తే చూసి, ఇది కాదయ్యా అని ఇంకో డబ్బా ఇచ్చింది. మర్నాడు పొద్దున లేవగానే ఇంకోటి తెమ్మని చెప్పి పంపింది. డబ్బులు తీసుకోని చోట ఇంత వివరం, ముగ్గురి దగ్గరా కలిపి అయిదు వేలు వసూలు చేసిన చోట "తాగమ్మా, వస్తుంది".

ఆ 6.4 సంగతి కూడా తేల్చేస్తా. రక్తం పీహెచ్ 7.35కీ 7.45కీ మధ్య ఉంటుంది, ఊపిరితిత్తులూ కిడ్నీలూ పగలూ రాత్రీ దాన్ని అక్కడే పట్టి ఉంచుతాయి. అలా పట్టి ఉంచడానికి ఎక్కువైన ఆమ్లాన్నో క్షారాన్నో మూత్రంలో పారబోస్తాయి కాబట్టి మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. నిన్న చేపల పులుసు తిన్నవాడికీ ఇవాళ నిమ్మకాయ నీళ్ళు తాగినవాడికీ ఒకటే ఉండదు, భోజనమయ్యాక కాసేపు పెరుగుతుంది కూడా. రాళ్ళ జబ్బులోనో ఇన్ఫెక్షన్‌లోనో డాక్టరుకి ఆ అంకె పనికొస్తుంది. ఒక్క ఉమ్మి కాగితం, ఒక్క మూత్రం కాగితం పక్కపక్కన పెట్టి మనిషి జాతకం చెప్పడం మాత్రం చిలక జోస్యమే, చిలకైనా నయం, పది రూపాయలతో పోతుంది.

అసలు మా అత్తమ్మకి మూత్ర పరీక్ష అవసరం లేదని కాదు. ఆవిడ పుట్టిల్లు కనిగిరి వైపు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మనిషి. ఆ కనిగిరి, పొదిలి, దర్శి వైపంతా 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోదే, ఫ్లోరైడ్‌తో ఎముకలు పట్టేసే జబ్బు గురించి 1937లోనే షార్ట్ అనే డాక్టరూ తోటివాళ్ళూ నెల్లూరు జిల్లాలో చూసి వైద్య పత్రికలో రాశారు. కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం 2008-09లో మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తంలో ముందు తీసుకున్న అయిదు జిల్లాల్లో మన నెల్లూరు ఒకటి. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మూత్రంలో ఫ్లోరైడ్ ఎంత పోతుందో చూసే పరీక్ష ఉంది, దానికి గాజు సీసా పనికిరాదు, ఫ్లోరైడ్ గాజుతో కలిసిపోతుంది, ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి. మోకాళ్ళు పట్టేసిన డెబ్భై ఏళ్ళ మనిషి ఎదురుగా కూర్చుంటే "ఏ ఊరమ్మా మీది, ఏ నీళ్ళు తాగారు" అని ఒక్క మాట అడగాలా వద్దా, ఇన్ని వేల ప్యాకేజీలో ఆ పరీక్ష పేరే లేదు.

నేనడిగేది చిన్న విషయం. పొగతోటలో, ట్రంకు రోడ్డు మీద, ఒంగోలులో, కావలిలో ఎన్ని ల్యాబులూ వెల్‌నెస్ సెంటర్లూ ఉన్నాయో అన్నీ ఫోన్లో టైము ఇచ్చేటప్పుడే, ఈ పరీక్షకి ఇలా రండి అని తెలుగులో పది వాక్యాలు వాట్సాప్‌లో పంపాలి. చదవలేనివాళ్ళకి వాయిస్ మెసేజ్ పంపాలి, అత్తమ్మ లాంటివాళ్ళు రోజంతా వాయిస్ మెసేజ్‌లే వింటున్నారు. డబ్బా ముందురోజే ఇవ్వాలి, దాని మీద ఎన్నింటికి పట్టారో, చివరగా ఏం తిన్నారో, ఏం మాత్రలు వాడుతున్నారో రాసుకోవాలి. పాడైన శాంపిల్ వస్తే తీసుకోకుండా వెనక్కి పంపే ధైర్యం ఉండాలి, గిరాకీ పోతుందని తీసుకుని అంకెలు కొట్టి ఇవ్వడం కాదు. జిల్లా వైద్యాధికారులు తనిఖీకి పోయినప్పుడు ఏసీ ఉందా, సర్టిఫికెట్ గోడకుందా అనే కాకుండా ఈ సూచనల కాగితం చూపించమని కూడా అడగాలి. మీ పేపర్లో ఆదివారం ఆరోగ్యం పేజీలో ఒక మూల ఇది వేస్తే నేనే కత్తిరించి మా ఊరి సొసైటీ ఆఫీసులో అతికిస్తా.

మేం ముగ్గురం ఈ శనివారం మామూలు ల్యాబులో మళ్ళీ ఇస్తున్నాం. డబ్బాలు నిన్ననే తెచ్చుకున్నాం, అత్తమ్మది ప్లాస్టిక్‌దే. పట్టుబడి ఆదివారానికి మార్చుకున్నా. అత్తమ్మ ఆకువక్క సంచి మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది, ఆ పూట నుంచి అత్తమ్మ నాతో మాట్లాడటం లేదు.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా